రిపెకా రోస్టు దారం

రిపెకా కారు తనిఖీలో తప్పింది. స్టీరింగు రాడ్లకు రెండువైపులా ఉండే రబ్బరు బూట్లు చినిగిపోయాయట. హార్మోనియం తిత్తిలా ముడతలు ముడతలుగా ఉండే తొడుగులవి. చినిగితే దుమ్మూ నీళ్లూ లోపలికి పోయి స్టీరింగే పాడవుతుంది. శుక్రవారం సాయంత్రంలోగా మార్చి చూపించకపోతే కారు రోడ్డెక్కడానికి లేదు. సోమవారం గొర్రెల ఉన్ని కత్తిరించే ముఠా కొండల్లోకి పోతోంది. ఆ ముఠాకు వంటమనిషి రిపెకా. కారు లేకపోతే ఆ గరిటె ఇంకొకరి చేతిలోకి పోతుంది.

వైరోవా ఊళ్లో ఏ గ్యారేజీలోనూ వారం దాకా ఖాళీ లేదు. "నేనే మారుస్తాను" అంది రిపెకా.

మరిది హోహెపా పొట్ట పట్టుకుని నవ్వాడు. "వదినా, అన్న ఉన్నన్నాళ్లూ నువ్వు పానాలందించావు, టీ పెట్టావు. కారు కింద దూరింది ఆయన!"

"అందించేదానికి కళ్లుండవా?"

"సరే, పందెం. పాసవకపోతే కారు నాకిచ్చెయ్. నా వేట కుక్కలకి భేషుగ్గా సరిపోతుంది."

"పాసైతే ఆదివారం మరాయ్‌లో భోజనాలయ్యాక గిన్నెలన్నీ నువ్వే తోమాలి. నా ఏప్రన్ కట్టుకుని."

మరాయ్ అంటే ఊరివాళ్లంతా కలిసే ఉమ్మడి సభాస్థలం. హోహెపా ఏనాడూ దాని వంటింటి గడప తొక్కినవాడు కాదు. పెద్దమనుషుల బెంచీ వదిలి లేచేవాడే కాదు. అయినా ధీమాగా చెయ్యి కలిపాడు.

శుక్రవారం పొద్దున్నే ఆమె కారు ముందుభాగాన్ని జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాలు ఊడదీసింది. ఏప్రన్ జేబులోంచి దారం తీసి ఒక్కో రాడ్డు పక్కనా చాచి పట్టుకుంది, ముడులేసి మళ్లీ జేబులో పడేసుకుంది. హోహెపా టీ కప్పు పట్టుకుని, బోర్లించిన డబ్బా మీద తీరిగ్గా కూర్చుని చూస్తున్నాడు.

బూటు మార్చాలంటే రాడ్డు చివర ఉండే కీలు తీయాలి. నట్టు విప్పి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే బెట్టు చేసిన కీలు టప్పున జారింది. దాన్ని ఎన్ని చుట్లు తిప్పి తీస్తే మళ్లీ అన్నే చుట్లు తిప్పి ఎక్కించాలి. ఒక్క చుట్టు తేడా వచ్చినా చక్రం పక్కచూపులు చూస్తుంది. కుడివైపు ఇరవై రెండు చుట్లు. పాత బూటు కోసి పారేసి, కొత్తదాని మెడకు గిన్నెల సబ్బు రాస్తే సుతారంగా ఎక్కింది. కీలు ఇరవై రెండు చుట్లూ తిప్పి బిగించేసింది.

ఎడమవైపు మొదలుపెట్టింది. "పన్నెండు... పదమూడు..."

"పదిహేడు!" అని అరిచాడు హోహెపా. "అరవై! తొమ్మిది!"

లెక్క తప్పింది. అప్పటికే కీలు ఊడి చేతిలోకి వచ్చేసింది.

"నోర్ముయ్యరా!"

"అయిపోయింది వదినా! ఇక ఒక చక్రం నేపియర్‌కి పోతుంది, ఇంకోటి గిస్బోర్న్‌కి. నా కుక్కలకి ఏ ఊరైనా ఒకటే."

రిపెకాకు ఒళ్లు మండింది, అంతే. గుండె మాత్రం జారలేదు. బూటు ఎక్కించింది, క్లిప్పులు బిగించింది. అప్పుడు జేబులోంచి దారం తీసింది.

హోహెపా నవ్వు ఆగింది. "అదేంటది?"

"మటన్ రోస్టు కట్టే దారం."

పొద్దున ఎడమ రాడ్డు కొలిచి వేసిన ముడుల్లో ఒకటి రాడ్డు మీద పానా పట్టే చోట ఆనించింది. రెండో ముడి కీలు బోల్టు నడిమధ్యకి వచ్చేదాకా కీలు తిప్పింది. గోరంత తేడా లేదు. నట్టు బిగించి, చేతులు తుడుచుకుంది.

సాయంత్రం తనిఖీ గ్యారేజీలో, తనిఖీ చేసే గ్రెగ్ స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పాడు. కిందికి దూరి బూట్లు నొక్కి చూశాడు. "ఎవరు చేశారు?" అంటూ హోహెపా వైపు తిరిగాడు.

"అటు కాదు, ఇటు చూడు" అంది రిపెకా. "ఇతను లెక్కలు మాత్రమే చూసుకున్నాడు."

గ్రెగ్ అద్దానికి పాసైనట్టు కొత్త చీటీ అంటించాడు. రిపెకా గ్యారేజీ దద్దరిల్లేలా కేక పెట్టింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మొగుడు పోయాక ఇంత సంతోషం ఆమెకు ఇదే మొదటిసారి.

నది పక్కన తిన్నని రోడ్డు మీద చేతులు స్టీరింగు నుంచి వేలెడు పైకి లేపింది. కారు గీత గీసినట్టు పోయింది. పక్క సీట్లోంచి హోహెపా అడిగాడు.

"దారం కిటుకు అన్న నేర్పాడా?"

"మీ అన్నా? పక్కన కూర్చుని నువ్వు వాగుతుంటే ప్రతిసారీ లెక్క తప్పేవాడు. ముప్పై ఏళ్లూ ఆ దారం నాదేరా. పేరు మాత్రం ఆయనది."

ఆదివారం హోహెపా ఏప్రన్ కట్టుకుని మోచేతుల దాకా నురగలో మునిగాడు. పళ్లేలు లెక్క ప్రకారం అల్మారాలోకి చేరాలి. "ముప్పై ఒకటి... ముప్పై రెండు..."

వంటింటి కిటికీ అవతల, పెద్దమనుషుల బెంచీ మీద రిపెకా టీ కప్పుతో తీరిగ్గా కూర్చుంది.

"పదిహేడు!" అని అరిచింది. "అరవై! తొమ్మిది!"