పొద్దున్నే వణికే కారు

మెకానిక్ ఫోను వచ్చేసరికి ఆమె భర్త చొక్కా ఇస్త్రీ చేస్తోంది. అతను తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి ఫోను స్పీకర్‌లో పెట్టాడు.

"సార్, ఇంజనుకి ఏం కాలేదు. హెడ్ గ్యాస్కెట్ శుభ్రంగా ఉంది. ఒక సన్న పైపూ, దాని క్లిప్పూ, అంతే. సాయంత్రానికి బండి ఇచ్చేస్తాను."

ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఆమె నిలుచున్నచోటే ఒక గంతు వేసింది. కోడలు గంతులు వేసే ఇల్లు కాదు కనక చప్పుడు కాకుండా వేసింది. గ్యాస్కెట్ పోయిందని తేలితే కారు తుక్కు కిందకి వెళ్ళిపోయేదే. అది పాతదే కావచ్చు, తలుపు మూయాలంటే కాస్త ఎత్తి తొయ్యాల్సిందే కావచ్చు. కానీ ఉద్యోగంలో చేరిన కొత్తలో జీతం కూడబెట్టుకుని, ఆఫీసులో ఒకావిడ దగ్గర తనకు తానుగా కొనుక్కున్న కారు. అద్దాలు దించి మొదటిసారి పెద్ద రోడ్డెక్కిన రోజున, ఎవరూ వినరన్న ధైర్యంతో గొంతెత్తి పాడుకుంటూ వెళ్ళింది.

పెళ్ళయ్యాక అది "మన కారు" అయింది. ఆ మాట అతని నోట మొదటిసారి విన్నప్పుడు ఆమె మురిసిపోయింది కూడా. కొత్తల్లో ఆమెకు అన్నీ ముద్దుగానే ఉండేవి: దండెం మీద పక్కపక్కన ఆరే రెండు తువ్వాళ్ళు, తలుపు దగ్గర అతని చెప్పుల పక్కన తన చెప్పులు. "బస్సులో వెళ్తే నేను అలిసిపోతానే. నీకు అలవాటేగా" అని అతను తాళాలు అందుకున్నప్పుడు, ఆ "అలిసిపోతానే"లోని గోముకే కరిగిపోయింది. కారున్న మనిషికి బస్సు ఎప్పుడు అలవాటైందో అడగాలని తోచనేలేదు. అతని ఆఫీసు ముందే బస్సు ఆగుతుంది. ఆమె ఆఫీసుకు మధ్యలో దిగి ఇంకో బస్సెక్కాలి. ఇక అత్తగారు ఎదురింటావిడతో "మా అబ్బాయి కారు" అనడం మొదలుపెట్టారు.

చలి మొదలయ్యాక కారు పేచీ పెట్టింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే జ్వరం వచ్చినట్టు వణికేది. ఇంజను చప్పుడు లేచేది, పడేది, మళ్ళీ లేచేది. వేడెక్కాక ఏమీ ఎరగనట్టు నడిచేది. దాంతో అతను బయల్దేరే ముందు కారు వేడిచేసి పెట్టడం ఆమె పనుల్లో చేరింది. స్టవ్ మీద అతనికి స్నానానికి నీళ్ళు, బయట కారు.

నిజం చెప్పాలంటే ఆ పని ఆమెకు ఇష్టం. అద్దం మీద మంచులో వేలితో పిచ్చిగీతలు గీస్తూ, యాక్సిలరేటర్ మీద కాలు ఆనించి కూచునేది. ఇంట్లోంచి పిలుపులు వినబడవు. ఇంజను మాత్రం వినబడుతుంది. వినగా వినగా సంగతి అర్థమైంది. ఇంజనును చల్లబరిచే కూలెంట్ డబ్బాలో నీళ్ళ మట్టం రోజూ తగ్గుతోంది. పాత అట్టపెట్టె విప్పి రాత్రి కారు కింద పరిచింది. పొద్దున చూస్తే ఒకటే చోట పచ్చటి మరక. పైన సన్న పైపు మూతి దగ్గర తెల్లగా పొక్కు కట్టి ఉంది. ఆయిల్ చూస్తే శుభ్రంగానే ఉంది, పొగలోనూ తెలుపు లేదు, అంటే గ్యాస్కెట్‌కి ఏమీ కాలేదు. చల్లారినప్పుడు రబ్బరు ముడుచుకుని కారుతోంది, వేడెక్కాక ఉబ్బి మూసుకుపోతోంది. నీళ్ళు తగ్గి పైపులో గాలి చేరుతోంది. ఇంజను చల్లగా ఉందో వేడిగా ఉందో కనిపెట్టే చోటికి నీళ్ళు సరిగా అందట్లేదు. అదీ వణుకు.

భర్తతో చెబితే, "ఇంటర్నెట్‌లో చూశావా?" అని నవ్వాడు. సాయంత్రం ఆఫీసు నుంచి అటే షెడ్డుకు తీసుకెళ్ళాడు. వేడి మీదున్న బండిలో ఒక్క చుక్క కారలేదు. కారకుండానే నీళ్ళు తగ్గుతున్నాయంటే గ్యాస్కెట్ పోయినట్టేనని మెకానిక్ తేల్చాడు. "ఆడపిల్ల చేతిలో నలిగిన బండి. నడుం విరక్క ఏమవుతుంది?" అన్నారు అత్తగారు. "అమ్మి పారెయ్యరా. అమ్మాయి ఎలాగూ బస్సులోనే వెళ్తోందిగా."

ఆమె మెకానిక్‌కి తనే ఫోను చేసింది. "సార్ చేత మాట్లాడించండి మేడమ్" అన్నాడు. ఆ రాత్రి భర్త పక్కన కూచుని, చిన్నపిల్లాడికి పద్యం నేర్పినట్టు నేర్పింది. బండి షెడ్డులోనే ఉంచమను. పొద్దున స్టార్ట్ చెయ్యకముందే ఆ పైపు చూడమను. అతను ఆవులిస్తూనే అప్పజెప్పాడు.

ఇప్పుడు ఫోనులో మెకానిక్ అంటున్నాడు: "రాత్రంతా ఉంచి చల్లగా ఉన్నప్పుడు చూడమన్నారు చూడండి, అదీ దెబ్బ! మీరు భలే పట్టారు సార్."

ఆమె భర్త వైపు చూసింది. అతను కన్ను గీటాడు.

"ఏదోలే, మనకి చిన్నప్పట్నుంచీ బళ్ళంటే సరదా" అన్నాడు ఫోనులోకి.

సరసానికి అన్నాడులే అనుకుంది ఆమె. ఫోను పెట్టేశాక చెబుతాడు. తువ్వాలు తన మీద వేసి, "నువ్వే కదే పట్టింది" అంటాడు. ఆ మాట వినడానికి చేతిలో పని ఆపి మరీ నిలుచుంది. అతను వంటింటి వైపు తిరిగి కేకేశాడు.

"అమ్మా! గ్యాస్కెట్ బాగానే ఉందట. నేను చెప్పిందే కరెక్టు!"

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "నాకు తెలుసురా. వీడు చిన్నప్పుడు గడియారం విప్పి మళ్ళీ బిగించాడమ్మా" అన్నారు కోడలితో.

"మళ్ళీ నడిచిందా అత్తయ్యా?"

"నడవలేదనుకో. అయినా విప్పాడుగా!"

ఇంకోరోజైతే ఆమె పడీపడీ నవ్వేది. నవ్వు పెదవి దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది.

అతను చొక్కా అందుకుని చేతులు దూర్చాడు. "పోన్లే, నీకూ ఒక బాధ తప్పింది. ఇక పొద్దున్నే ఆ చలిలో కూచోనక్కర్లేదు. ఆ టైములో అమ్మకి వంటింట్లో కాస్త సాయం చెయ్యి."

ప్రేమగానే అన్నాడు. అందులో తప్పేముందో అతనికి ఎప్పటికీ తట్టదు. ఆమెకు మాత్రం ఒక్కసారిగా తట్టింది. రోజు మొత్తంలో ఆమె తన కారులో కూచునేది ఆ కాసేపే. అదీ కదలని కారులో. చెడిపోయింది కాబట్టి కూచోనిచ్చారు. తన చెవితో విని, తన చేత్తో అట్ట పరిచి, తన మాటలు అతని నోట పెట్టి, ఆ చోటును కూడా ఖాళీచేసి అతనికి అప్పగించింది. బాగుపడిన కారు ఇక పూర్తిగా అతనిదే అవుతుంది. ఇందాక దేనికి గంతు వేసింది తను?

ఏడుపొస్తుందేమోనని ఒక క్షణం ఆగి చూసుకుంది. రాలేదు. ఇస్త్రీపెట్టె తీగ గోడనుంచి లాగేసింది. పక్కనే అతని ప్యాంటు ఇంకా ముడతలతోనే ఉంది.

"ప్యాంటూ?" అన్నాడు అతను.

"పెట్టె వేడిగానే ఉంది, చేసుకోండి."

అత్తగారు, భర్త ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏమైందే? ఇప్పుడేగా ఎగిరి గంతేశావు?" అన్నాడు భర్త.

"సాయంత్రం షెడ్డుకి నేనే వెళ్తాను. మెకానిక్‌తో నేను మాట్లాడాలి, ఆ పైపు ఎవరు చూడమన్నారో అతనికి తెలియాలి" అంది ఆమె, గొంతు పెంచకుండానే. "రేపు పొద్దున్న నా కారులో నేను ఆఫీసుకి వెళ్తాను. మీ బస్సు ఎన్నింటికో ఎదురింటాయన్ని కనుక్కోండి."