పిన్ను కొట్టిన అధ్యాయం

మా బడి పిల్లలు నన్ను కత్తెర మేడమ్ అంటారు, నాకు తెలియదనుకుంటారు. క్లాసులో చదివించే నవలలు ముందు నా బల్ల మీదికి రావాలి. నేను సంతకం పెడితేనే జాబితాలోకి వెళ్తాయి. కోడిగుడ్డుకు ఈకలు పీకుతానని లైబ్రేరియన్ వెనకాల గొణుగుతాడు. గొణగనీ.

ఈసారి అతను తెచ్చిన నవల ఏడో అధ్యాయంలో, కథ చెప్పే అమ్మాయి తమ్ముడు చనిపోతాడు. రెండు పేజీలు చదివి ఆపేశాను. పద్నాలుగేళ్ళ పిల్లలకు ఈ ఏడుపెందుకు, వద్దన్నాను. ఆ ఒక్కటీ వదిలేసి చదివించి చూద్దామని అతను బతిమాలాడు. సరేనని ఆ తొమ్మిది కాగితాల అంచులూ కలిపి స్టేప్లర్‌తో ఒక పిన్ను కొట్టి, తొమ్మిదో తరగతికి ఇచ్చాను. రోజుకొకరు ఇంటికి తీసుకెళ్ళి చదవాలి. జాబితాలో ఉంచాలా తీసేయాలా అన్నది ఆ తర్వాత చెబుతానన్నాను.

ఈ రోజు పుస్తకం తిరిగొచ్చింది. పిన్ను ఉంది. నా మాటంటే మాటేనని మురిసిపోతూ వేలితో తడిమితే గరుగ్గా తగిలింది. అంచు పొడవునా చిల్లులు, జల్లెడలా. కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెట్టాను. అరవై నాలుగు. పిన్నుకు రెండు చొప్పున, నేను కొట్టింది పోను ముప్పై ఒక్క సార్లు. క్లాసులో ఉన్నది ముప్పై ఒక్క మంది.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని నేనే వాళ్ళకు చెప్పాను. కోపం రావాల్సింది, ఒళ్ళు గగుర్పొడిచింది. ఒక్కరూ చదవడం మానలేదు, ఒక్కరూ బయటపెట్టలేదు.

క్లాసు లీడర్ని పిలిచి, చదివితే చదివారు, మళ్ళీ పిన్నెందుకు కొట్టారని అడిగాను. ఆ పిల్ల తల వంచుకుంది.

"విప్పేసి ఉంటే మీరు బాధపడతారని, మేడమ్."

బాధపడతారని పిన్ను కొట్టింది నేను. వాళ్ళ కోసమే అనుకున్నాను. నా పదమూడో ఏట మా తమ్ముడు పోయాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ వాడి పేరెత్తలేదు. నలభై ఏళ్ళయింది, నేనూ ఎత్తలేదు.

ఆ పిల్లను పంపేసి పిన్ను ఊడదీశాను. పద్దెనిమిది పేజీలూ చదివాను. వెక్కి వెక్కి ఏడ్చాను. లైబ్రేరియన్ మంచినీళ్ళు తెచ్చిపెట్టి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

సిఫార్సు కాగితం మీద సంతకం పెట్టాను. క్లాసుకు కొత్త కాపీలు వస్తాయి, వాటికి పిన్ను ఉండదు. ఈ కాపీ మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను. స్టేప్లర్ అందుకుని, ఆ అంచున ఖాళీ వెతికి, ఇంకో పిన్ను కొట్టాను. ముప్పై రెండోదాన్ని నేను.