గవాక్షి కింద పగటి నిద్ర

మా వీధిలో నాకు గయ్యాళి అని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. ఎండాకాలం పొద్దున, ఊరు పనుల్లో పడ్డాక మా ఇంటి ముందు ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. ఉల్లిగడ్డల ఆటోవాడు మైకు ఆపుకొని పోవాలి. పిల్లలు గోలీలు ఆడాలంటే ఓబుళేశు వాళ్ల అరుగు దగ్గరికి పోవాలి. ఎదురింటి గిడ్డమ్మ రోట్లో కారం దంచుకోవాలంటే సాయంత్రం దాకా ఆగాలి. మాట వినకపోతే నేను గడపలోకి వచ్చి నిలబడతాను. అరవను, అరిస్తే లోపల మనిషి లేస్తాడు. ఊరికే చూస్తాను. షాహనా చూపు కంటే తిట్టే నయమని గిడ్డమ్మ అందరికీ చెబుతుంటుంది.

లోపల మనిషంటే మా ఆయన రబ్బానీ. తుమ్మలపల్లె గనిలో బండి నడుపుతాడు. భూమి కిందికి దిగి రాళ్లు మోసుకొచ్చే బండి. రాత్రి షిఫ్టు పడిన వారాల్లో లోకమంతా లేచాక ఆయన వచ్చి పడుకోవాలి. పడుకుంటాడు కూడా. నిద్రే రాదు.

ఎట్లా వస్తుంది? మాది పాత మిద్దె. తుమ్మ దూలాల మీద కడప బండలు పరిచిన ఇల్లు. ఒకప్పుడు ఆ బండల మీద జానెడు మందాన చవుడు మట్టి ఉండేదట. నేను కాపురానికి రాకముందే మా మామ మదార్ సాహెబ్ ఆ మన్నంతా గీకి పారేసి సిమెంటు పోయించాడు. వానకు ఒక్క చుక్క కారదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎండకు మాత్రం అది పెనమే. ఆరబోసిన మిరపకాయలు ఎత్తడానికి ఒకసారి తొందరలో చెప్పుల్లేకుండా ఎక్కి, అరికాళ్లు బొబ్బలెక్కి, వారం రోజులు మడమల మీద నడిచాను. ఆ వేడంతా మధ్యాహ్నానికి బండల్లోంచి గదిలోకి దిగుతుంది. ఫ్యాను దాన్నే తిప్పి తిప్పి మన నెత్తిన వదులుతుంది. కూలరు పెట్టి చూశాం. ఒళ్లంతా జిడ్డు, పరుపంతా చెమ్మ, గోడలకు ముక్కిన వాసన. ఏసీ మాట ఎత్తే పని లేదు. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ మధ్యాహ్నం పూట ఫ్యాన్లనే మోయలేక మూలుగుతుంటుంది.

ఆ గదిలో నాకు నచ్చేది ఒక్కటే, గవాక్షి. మిద్దె నడిమధ్యన గుండ్రని కంత. వానొస్తే పైన మూకుడు బోర్లిస్తాం, లేకపోతే తెరిచే ఉంటుంది. అందులోంచి ఎండ ఒక బిళ్లగా కింద పడుతుంది. పొద్దున పడమటి గోడ మీద ఉంటుంది. మెల్లగా దిగి, నేల మీద నడిచి, మధ్యాహ్నం మంచం దగ్గరికొచ్చి, సాయంత్రానికి తూర్పు గోడ ఎక్కి మాయమవుతుంది. దాంట్లో దుమ్ము తేలుతూ ఉంటే చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. ఆయన కళ్లు మూసుకొనే అడిగేవాడు.

"షాహనా, బిళ్ల యాడికొచ్చె?"

"మంచం కాడికి."

"అయితే మధ్యాహ్నమాయ. ఇంగ నిద్రొచ్చినట్టే."

ఆ మాటతో బోర్ల తిరిగేవాడు. వీపంతా చెమటకాయలు. నేను విసనకర్ర పట్టుకొని పక్కన కూర్చునేదాన్ని. ఆయన నిద్రకూ మెలకువకూ నడుమ ఎక్కడో ఆగిపోయి ఏవేవో మాట్లాడేవాడు. గనిలో చీనీ చెట్ల నిండా బత్తాయిలు కాచాయనేవాడు. వంకకు నీళ్లొచ్చాయి, గొర్రెల్ని తోలండి అనేవాడు. వింటూ వింటూ నాకూ అవన్నీ కనిపించేవి. భూమి అడుగున పచ్చటి తోట, దాంట్లో మా ఆయన బండి. బాగుండేది. అంతలో ఆయన కళ్లు తెరిచి, నీళ్లియ్యి మే అనేవాడు.

ఒకరోజు పొద్దున మోకాళ్లు చెక్కుకుపోయి, చొక్కా నిండా ముళ్లతో వచ్చాడు. దారిలో మోటారుసైకిలు మీదే కునుకు పట్టిందట. బండి రోడ్డు దిగి చీనీ తోట కంచెలోకి దూరిందట.

"అరటితోట అయింటే మెత్తగా పడుందును," అని నవ్వాడు.

నేను నవ్వలేదు. గిన్నెలో నీళ్లు తెచ్చి ముళ్లు తీస్తూ కూర్చున్నాను. నా ముఖం చూసి ఆయన కూడా నవ్వు ఆపాడు.

"లోపల గూడా ఇట్లనే ఉండాది, షాహనా. కండ్లు తెరుచుకోనే నిద్రపోతాండా. ముందర మనుషులు నడుస్తాంటారు. నిన్న నా జతగాడు ఏసేపు లైటు ఊపి కేకేస్తే గానీ బ్రేకు తొక్కల్యా."

ఆ రోజు నుంచి సాయంత్రం ఆయన బయలుదేరేటప్పుడు గడపలో నిలబడి, "కండ్లు పెద్దవి చేసుకోని పో," అని చెప్పేదాన్ని. చెప్పకపోతే ఏదో అయిపోతుందని భయం. మళ్లీ పొద్దున బండి చప్పుడు వినబడేదాకా నాకూ నిద్ర ఉండేది కాదు.

ముందు నాకు తోచింది థర్మాకోల్. పులివెందులలో ఒక షాపు వాళ్లు వచ్చి, దూలాల కింద తెల్లటి పలకలు బిగించి, గది అంతా పెళ్లి పందిరిలా చేసి పోయారు. గవాక్షి ఆ పలకల పైన ఉండిపోయింది. వేడి రాకూడదంటే కంత ఉండకూడదు కదా అని నేనే అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, "బాగుండాది," అన్నాడు. తలుపేశాను. గది చీకటిగా ఉంది, నిజంగానే కొంచెం చల్లగా ఉంది. నేను వసారాలో బియ్యం చెరుగుతూ ఇక గెలిచానని అనుకున్నాను.

కాసేపటికి లోపల్నుంచి కేక. పోయి చూస్తే మా ఆయన గోడకు వీపు ఆనించి నిలబడి, రెండు చేతులతో తల మీద ఏదో వెతుక్కుంటున్నాడు. హెల్మెట్ దీపం కోసం.

"లైటు యాడబాయ? ఏసేపూ, లైటెయ్యప్పా."

"నేను. ఇల్లిది."

నన్ను గుర్తుపట్టడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. తర్వాత మంచం అంచున కూర్చొని మెల్లగా అన్నాడు. "మళ్లా కిందనే ఉండానేమో అనుకుంటి. బిళ్ల కనపడల్యా."

నాకు ఏడుపొచ్చింది. రాత్రంతా భూమి కింద ఉండే మనిషికి పగలు కూడా అదే చీకటి ఇచ్చాను. చీపురు కట్టె తీసుకొని గవాక్షి కింద ఉన్న పలకను ఒక్క పోటు పొడిచాను. అది విరిగి తెల్లటి ముక్కలుగా మా ఇద్దరి నెత్తినా రాలింది. వాటి వెనకే ఎండ బిళ్ల కిందికి దిగింది. దాంతోపాటు పలకల పైన ఇరుక్కున్న వేడంతా కూడా.

మరుసటి రోజు ఆయన మంచంలో లేడు. వెతికితే సామాన్లు వేసే కొట్టంలో ఉన్నాడు. వడ్ల బస్తాల నడుమ, ముడుచుకొని, నోరు తెరుచుకొని నిద్రపోతున్నాడు. పక్కన మా పిల్లి. ఆ పిల్లి ఎండాకాలమంతా అక్కడే పడుకుంటుంది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను, ఎందుకని ఒక్కసారీ అడగలేదు. గోడకు చెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. చిన్న కొట్టమే కదా అని మా మామ దాని మీద మన్ను గీకకుండా వదిలేశాడు.

కాళ్లు చాచుకోను చోటు లేక ఆయన కాసేపటికే లేచాడు. ఆ కాసేపు నిద్రకే ముఖం తేటపడింది. నేను నేరుగా మా మామ దగ్గరికి పోయాను. ఆయన వేపచెట్టు కింద కూర్చొని బీడీ తాగుతున్నాడు.

"మామా, మిద్దెకు మళ్లా చవుడు ఏపిద్దాం."

"ఆ మాట ఎత్తొద్దు."

"యాల?"

"ఎత్తొద్దంటి గదా."

నేను ఊరుకునే రకం కాదని ఆయనకు తెలుసు. బీడీ ఆరిపోయేదాకా చూసి, ఆ బీడీతోనే మాట్లాడినట్టు చెప్పాడు.

"మీ అత్త రహమతున్నీసా ఏటేటా వానలకు ముందర మిద్దెకు మన్ను మోసేది. గంప నెత్తిన పెట్టుకోని నిచ్చెన ఎక్కేది. ఈదిలో ఎవురూ అంత బిన్నా, బిరబిరా ఎక్కల్యాకపోదురు. నేను పైన నిలబడి అందుకుంటాంటి. ఒగ ఏడాది నిచ్చెన మెట్టు ఇరిగె. తుంటి ఇరిగింది. మళ్లా మంచం దిగల్యా. ఆమె పోయినాక ఆ మన్ను నేనే గీకినా, కూలోళ్లను గూడా పిలవల్యా. ఈ ఇంటి ఆడమనిషి మళ్లా ఆ మన్ను మొయ్యగూడదు."

నేను అత్తను చూడలేదు. ఇంట్లో ఫోటో కూడా లేదు. ఇన్నేళ్లూ ఆ సిమెంటును నోటికొచ్చినట్టు తిట్టాను, ఆయన వింటూనే ఉన్నాడు. అయినా రబ్బానీ ముఖం గుర్తొచ్చి నోరు ఆగలేదు.

"మామా, అత్తను పడేసింది మన్ను కాదు, నిచ్చెన. మన్ను మీద కోపం పెట్టుకుంటే ఆమె కొడుకు నిద్ర చెడతాండాది."

ఆయన లేచి లోపలికి పోయాడు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, నేను పెట్టిన అన్నం మాత్రం తిన్నాడు. తెల్లారి లేచి చూస్తే, పూడిపోయిన మా పాత బావి గిలకను అరుగు మీద పెట్టుకొని నూనె వేస్తున్నాడు.

"మన్ను నిచ్చెన లేకుండా ఎక్కిద్దాం," అన్నాడు, నా వైపు చూడకుండానే.

వంక అంచున ఉన్న చవుడు నేల నుంచి ట్రాక్టరుతో మన్ను వచ్చింది. మా మామ మిగిలిన థర్మాకోల్ పలకలు ఊడబెరికి, కింద నుంచి ప్రతి దూలాన్నీ కట్టెతో తట్టి, చెవి పెట్టి విన్నాడు. ఎక్కడా పుచ్చు లేదు. మునుపటంత మందం వద్దన్నాడు. వానను ఆపడానికి సిమెంటు ఎట్లాగూ ఉంది, ఎండను ఆపేంత మన్ను చాలు. గిలకను పైన కొయ్యకు కట్టారు. నేను కింద గంపలు నింపితే, ఓబుళేశూ మామా పైనుంచి లాగారు. ఊక కలిపి, నీళ్లు చిలకరించి, కట్టెతో కొట్టి కొట్టి చదును చేశారు. గవాక్షి చుట్టూ మాత్రం మా మామ ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. తానే కూర్చొని దాని గట్టు మెత్తాడు. పైన అంతా తెల్లగా సున్నం కొట్టారు. ఆ పని జరిగినన్నాళ్లూ రబ్బానీని పిల్లితో పాటు కొట్టంలోకి తోసి తలుపేశాను. ఆయన సాయం చేస్తానంటే నా చూపు చూశాను.

మన్ను ఆరింది. గిడ్డమ్మ వచ్చి గదిలో నిలబడి, "ఏముండాదిమే ఈడ, అత్తగారింటికొచ్చినట్టు సల్లగుండాది," అంది. ఆమె అత్తగారి ఇల్లు ఏనాడు చల్లగా ఉందో నాకు తెలియదు గానీ, ఆ మాటకు నవ్వొచ్చింది. ఆ పొద్దున రబ్బానీ వచ్చి, స్నానం చేసి, సద్ది తాగి పడుకున్నాడు. బిళ్ల పడమటి గోడ దిగింది. ఆయన అడగలేదు. నేల మీద నడిచింది. అప్పటికీ అడగలేదు. మంచం దగ్గరికొచ్చింది. నేను వంగి చూశాను. నిద్రపోతున్నాడు. కలవరింత లేదు, చెమట లేదు. చీనీ తోటలకూ గొర్రెలకూ అవతల, నాకు వినబడనంత లోతుకు పోయాడు.

గడపలోకి వచ్చాను. గిడ్డమ్మ భయంగా రోకలి పక్కన పెట్టింది.

"దంచుకో," అన్నాను.

"నిజంగానా? లేచ్చాడేమో."

"దంచు, చూద్దాం."

ఆమె దంచింది. ముందు మెల్లగా, తర్వాత ధైర్యంగా. ఆయన కదల్లేదు. ఉల్లిగడ్డల ఆటో మైకుతో సహా పోయింది. ఆయన కదల్లేదు. నేను గదిలోకి వచ్చి, తూర్పు గోడకు ఆనుకొని, ఆ మనిషి ఊపిరి చూస్తూ కూర్చున్నాను. రోకటి చప్పుడు దూరంగా, ఒకే తీరున వినబడుతోంది. ఎప్పుడు పక్కకు ఒరిగానో తెలియదు.

కలలో మా అత్త వచ్చింది. ఎప్పుడూ చూడని మనిషి, అయినా గుర్తుపట్టాను. ఖాళీ గంప పక్కన పెట్టుకొని గవాక్షి గట్టు మీద కూర్చుంది. గట్టు మీద చెయ్యి రాసి చూసుకుంది. ఎవరు మెత్తారు, బాగా మెత్తారే అంది. నీ మొగుడే అన్నాను. ఆమె కిందికి నా వైపు వంగింది. నా ముఖం మీద నీడ పడింది.

కళ్లు తెరిచాను. నీడ నిజంగానే ఉంది. మంచం ఖాళీగా ఉంది. బిళ్ల ఈ పాటికి నా ముఖం మీద పడాలి, పడలేదు. పైకి చూస్తే గవాక్షికి అడ్డంగా మా చేట.

"ఎవురది?"

"నేనేలేమ్మే. పండుకో, పండుకో. బిళ్ల నీ మొగం మీదికొచ్చాంటే అడ్డం పెట్టినా."

"నువ్వు నిద్రపోల్యా?"

"పోయినా."

"మరి యాల లేస్తివి?"

చేట కాస్త పక్కకు జరిగింది. ఆయన ముఖం కనిపించింది. అది మా పెళ్లినాడు నేను చూసిన ముఖం.

"చాలనిపించె."

ఆ మాట ఆయన నోట నేను విని ఎన్నాళ్లయిందో. సంతోషం కనబడకుండా గద్దించాను.

"ఇంత ఎండలో మిద్దెక్కినావు. చెప్పులేసుకున్యావా?"

"ల్యా."

"కాళ్లు కాలతాయప్పా."

ఆయన అరికాలు తెచ్చి గవాక్షికి అడ్డంగా పెట్టి చూపించాడు. నిండా తెల్లటి సున్నం. ఎక్కడా ఎరుపు లేదు.

సాయంత్రం టిఫిన్ క్యారేజీ తగిలించుకొని గనికి బయలుదేరాడు. నేను గడపలో నిలబడి గిడ్డమ్మతో కొత్త కారం గురించి మాట్లాడుతున్నాను. బండి చప్పుడు వీధి మలుపు దాటిపోయింది. కండ్లు పెద్దవి చేసుకోని పో అని చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. వెనకాలే పరిగెత్తబోయి, ఆగాను. లోపలికి వచ్చి, ఆయన లేచిన మంచంలోనే పడుకొని నిద్రపోయాను.