ముంజేతి చర్మం

మా ఆయన విల్‌ఫ్రెడ్ ఎడమ ముంజేతి మీద "సూసన్న" అని పచ్చబొట్టు ఉంది. సూసన్న ఆయన మొదటి భార్య. జ్వరమొచ్చి పోయింది. నేను తబితను, రెండోదాన్ని. ఖరగ్‌పూర్‌లో మేముండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఇప్పటికీ నన్ను సూసన్న ఇంటికి వచ్చినావిడ అనే అంటారు.

ఆయనకు గొంతు క్యాన్సర్. కలకత్తా డాక్టరు విడమరిచి చెప్పాడు. స్వరపేటికతో పాటు మింగే గొట్టం కూడా తీసెయ్యాలి. మాట ఎలాగూ పోతుంది. తిండి దిగాలంటే ఒంట్లో ఇంకోచోటి నుంచి చర్మమో కండో తెచ్చి కొత్త గొట్టం కట్టాలి. ఛాతీ కండ నమ్మకమైనదే గాని దళసరి. ఈయన తొడలో కొవ్వెక్కువ, మింగడం కష్టం కావచ్చు. పేగు ముక్క తియ్యాలంటే పొట్ట కొయ్యాలి, ఈయన గుండె తట్టుకోదు. ముంజేతి చర్మం పల్చన, మెత్తన. కుడిచేతి వాటం మనిషి కాబట్టి ఎడమచేతిది తీస్తామన్నాడు.

"ఆ సెయ్యి ముట్టుకోనివ్వను. తొడలోంచే తియ్యమను," అన్నాడీయన.

లోకల్ ట్రైన్‌లో ఖరగ్‌పూర్ దాకా పోట్లాడాను.

"ముద్ద దిగకపోతే ఎవులు ఏడవాలి? సచ్చిపోయినావిడా, నేనా?"

"నీకు తెల్దులే తబితా," అని కిటికీ వైపు తిరిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ చేతికి వాతం వస్తే కూర్చుని నూనె రాసింది నేను. ఆ పేరు మీద కూడా రాశాను.

మళ్లీ వెళ్లినప్పుడు సిగ్గు విడిచి డాక్టరుకు పచ్చబొట్టు సంగతి చెప్పేశాను. నిజం చెప్పొద్దూ, ఈయన బతకాలని కోరుకున్నాను. ఆ పేరు పోవాలని కూడా కోరుకున్నాను. డాక్టరు నవ్వి, చర్మాన్ని ఎక్కడా పారెయ్యబోమని, లోపలికి తిప్పి గొట్టంలా చుడతామని, అది గొంతులో బతికే ఉంటుందని చెప్పాడు. పచ్చబొట్టు కూడా అక్కడే ఉంటుందట.

ఈయన మొహం వెలిగిపోయింది. "అయితే సేతిదే తియ్యండి డాక్టర్ బాబూ. సూసన్న నా లోపలే ఉంటాది."

ఇన్నాళ్లూ నేను బతిమాలింది దేనికో, ఈయన ఒప్పుకున్నది దేనికో! అయినా కాగితాల మీద సంతకం పెట్టింది నేనే.

ఆపరేషన్ రోజు స్ట్రెచర్ మీద తోసుకెళ్తుంటే వంగి మొహంలో మొహం పెట్టాను. ఆ గొంతుతో ఒక్క మాట నాకు దక్కుతుందనుకున్నాను. ఆయన నా భుజం మీదుగా డాక్టరు కేసి చూశాడు.

"పేరు సెడకుండా కొయ్యండి."

అదే ఆయన ఆఖరి మాట.

గాయం మానాక ఇక నోటితో పెట్టొచ్చన్నారు. సగ్గుబియ్యం జావ కాచాను. మొదటి చెంచా సాఫీగా దిగింది. ఆయన కళ్లు మూసుకుని, మెడ మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. ఆ నవ్వు నాకోసం కాదని నాకు తెలుసు. రెండో చెంచా, నోరు కాలుతుందేమోనని, ఊది పెట్టాను.