నాలుగు వందల ముప్పై మీటర్లు

"నీ బురద బట్టలు వాడి చొక్కాలతో కలపకమ్మా, వేరే బకెట్టులో నానబెట్టుకో" అంది మా అత్తగారు.

నిజమే, బురదే. ఆసుపత్రి వెనకాల బాయిలర్ గది చుట్టూ తిరిగి, ఇనుప మూతలెత్తి, గుంతల్లో మోకాళ్ళ దాకా దిగి తెచ్చుకున్న బురద. ఆవిడ కొడుకు చొక్కాలకు కాలరు దగ్గర తప్ప మురికుండదు, ఆయనది ఏసీ గదిలో కుర్చీ మరి. అయినా ఈ ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం నాదేనట. "నీకేంటమ్మా, కంప్యూటరు ముందు కూర్చుంటావు. వాడు చూడు, ఎంత అలిసిపోయి వస్తాడో" అని పదకొండేళ్ళుగా వింటున్నాను. ఆ కాలర్లు రుద్దేది కూడా నేనే. వాషింగ్ మెషీను ఉంది, కానీ మెషీనులో కాలరు మురికి వదలదట. మెషీనుకు వదలనిదంతా నా చేతులకు వదలాలి.

నేను నెట్‌వర్క్ ఇంజనీర్ని. ఒక బిల్డింగు నుంచి ఇంకో బిల్డింగుకు డేటా వెళ్ళాలంటే గాజుపోగు వేస్తాం, ఫైబరంటే అదే. ఆ పోగుకు రెండు చివర్లా వేలెడంత మాడ్యూలు ఒకటి పెడతాం. డేటాను వెలుతురుగా మార్చి పంపేదీ, వచ్చిన వెలుతురును మళ్ళీ డేటా చేసేదీ అదే. అందులో రెండు రకాలు. షార్ట్ రేంజ్‌ది లోపలి దారి వెడల్పుగా ఉండే పోగు మీద పనిచేస్తుంది, ఆసుపత్రి అడిగిన వేగానికీ అక్కడున్న పోగుకూ మూడు వందల మీటర్లు దాని హద్దు. లాంగ్ రేంజ్‌ది సన్నదారి పోగు మీద పది కిలోమీటర్లు పోతుంది, ధర కొంచెం ఎక్కువ. ఆసుపత్రి నేల కింద పోయే గొట్టంలో రెండు రకాల పోగులూ ఎప్పుడో వేసి ఉన్నాయి. కాబట్టి తేలాల్సింది ఒక్కటే, స్కాన్ల బిల్డింగు నుంచి డాక్టర్లుండే పెద్ద బిల్డింగుకు దూరమెంత?

ఆ దూరం నేను నడిచాను. కొలిచే చక్రం తోసుకుంటూ గొట్టం ఎటు పోతే అటు పోయాను. ఫైబరు కాకిలా ఎగిరిపోదు, గొట్టంలో పాకుతుంది. బాయిలర్ గది అడ్డొస్తే చుట్టూ తిరుగుతుంది, మూడో అంతస్తుకు గోడ పట్టుకుని ఎక్కుతుంది, ప్రతి గుంతలోనూ రేపటి రిపేరు కోసం నాలుగు చుట్లు అదనంగా చుట్టుకుని ఉంటుంది. అన్నీ కలిపితే నాలుగు వందల ముప్పై మీటర్లు. సర్వే షీటులో రాసి, కింద నా పేరు రాశాను. లాంగ్ రేంజ్ పెట్టాలని కూడా రాశాను.

మా మేనేజర్ని ఆఫీసులో అందరూ చాటుగా స్కేలాయన అంటారు. సైటుకు రాడు. గోడ మీద ప్లాను తగిలించి, దాని మీద ప్లాస్టిక్ స్కేలు పెట్టి లెక్కకడతాడు. ఆసుపత్రి పని మీద మీటింగు పెట్టిన రోజూ అదే చేశాడు. బాయిలర్ గది మీదుగా, గోడల్లోంచి, మనుషుల్లోంచి తిన్నగా ఒక గీత.

"రెండొందల డెబ్భై. షార్ట్ రేంజ్ చాలు" అన్నాడు.

"సార్, అది ఎగిరే దూరం. గొట్టం వెంట నాలుగొందల ముప్పై ఉంది. షీటులో రాశాను."

"పక్క బిల్డింగుకు పది కిలోమీటర్ల సరుకా? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేస్తావేంటమ్మా?"

"మేడమ్ షాపింగ్ అనుకున్నారు సార్" అన్నాడు నా పక్క సీటతను. అందరూ నవ్వారు.

"సార్, నేను మొత్తం నడిచి..."

"నడక ఆరోగ్యానికి మంచిదేలే" అని నా షీటులో అంకె కొట్టేసి, పక్కన 270 అని తన చేత్తో రాశాడు.

మూడోసారి నోరు తెరవలేదు నేను. మీటింగయ్యాక "నా కొలత 430, షార్ట్ రేంజ్ ఆగదు" అని ఆయనకు రెండు లైన్ల మెయిలు కొట్టి ఊరుకున్నాను. మింగడం నాకు బాగా అలవాటు. ఇంట్లో రోజూ సాధన చేస్తాను కదా. "ఒక్క టీ పెట్టలేవా, రెండు నిమిషాల పని" అంటారు మా ఆయన. ఆయనదీ స్కేలే. వంటింటి నుంచి సోఫాకు తిన్నగా గీత. గిన్నె తోముకోవాలని, మామగారికి చక్కెర లేకుండా విడిగా తీయాలని, ఈలోగా కాలింగ్ బెల్లు మోగుతుందని, పాలు పొంగి స్టవ్వు తుడవాలని, తాగిన కప్పులు వాటంతటవే సింకులోకి నడిచి రావని ఆ గీతలో ఎక్కడా కనబడదు. దారి తెలిసేది నడిచినవాళ్ళకే. నడవనివాళ్ళ మాటే చెల్లుతుంది. ఆఫీసులో అయినా అంతే, ఇంట్లో అయినా అంతే.

షార్ట్ రేంజ్ మాడ్యూళ్ళే పెట్టారు. రెండు చివర్లా పచ్చదీపం వెలిగింది. స్కేలాయన ఆ దీపం పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. టెస్టు చేశారు, ఏమీ పంపకుండా ఖాళీ లైను మీద! ఖాళీ రోడ్డు మీద బండి తోలి బ్రేకులు భేష్ అన్నట్టు. మర్నాడు స్కాన్లు మొదలయ్యాయి. ఒక్కో స్కానులో వందల బొమ్మలు. లైను పడుతూ లేస్తూ, లేస్తూ పడుతూ. లైను వచ్చి కలిసే పెట్టెలో, అదే స్విచ్చిలో చూస్తే డేటా తప్పులు వేలల్లో.

స్కాన్ గదిలో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, మీ లైను మళ్ళీ పోయింది. తలకు దెబ్బ తగిలిన పెద్దాయన స్కాను సగంలో ఆగిపోయింది. డిస్కులో ఎక్కించుకుని పరుగెత్తా. డాక్టరు నన్ను పట్టుకుని తిట్టాడు."

"నిన్నెందుకు తిట్టడం?"

"దగ్గర్లో ఉన్నది నేనే కదక్కా."

నాలుగో రోజున ఆసుపత్రివాళ్ళు కారణం రాసిమ్మన్నారు. రాసిచ్చేదాకా మా మనుషుల్ని ఏదీ ముట్టుకోనిచ్చేది లేదన్నారు. స్కేలాయన నన్ను గదిలోకి పిలిచి టైపు చేసిన కాగితం ముందు పెట్టాడు. "సర్వే ఇంజనీరు దూరాన్ని పొరపాటున 270 మీటర్లుగా నమోదు చేయడం వల్ల" అని ఉంది. కింద నా పేరు, పైన సంతకానికి ఖాళీ.

"నేను 430 రాశాను సార్."

"ఇప్పుడు అవన్నీ తవ్వుకుంటామా? నువ్వు సంతకం పెడితే రేపే లాంగ్ రేంజ్ మార్చేస్తాం. పెట్టకపోతే విచారణ అంటారు, వారాలు పడుతుంది. పాపం రోగులు. నువ్వే ఆలోచించు."

చూశారా, రోగుల్ని కూడా తెచ్చి నా నెత్తినే పెట్టాడు. ఆ తర్వాత గొంతులో తేనె పోసుకున్నాడు. "సర్వేల నుంచి తీసి స్టోర్సులో వేస్తాం. నీకే సుఖం. పెందలాడే ఇంటికెళ్ళొచ్చు."

స్టోర్సంటే అట్టపెట్టెలు లెక్కపెట్టడం. సర్వే నాకు ఎనిమిదేళ్ళ పని. కూర కుదిరిందో లేదో ఒకరు చెప్పాలి, చీర నప్పిందో లేదో ఇంకొకరు చెప్పాలి. నా జీవితంలో నేను ఫలానా అంటే అది ఫలానాయే అయ్యే చోటు అదొక్కటే. ఈ కాగితం మీద సంతకం పెడితే, రేపటి నుంచి నేను గజం బద్ద పట్టుకోవడం రాని మనిషిని. ఏ కంపెనీకి వెళ్ళినా ఆ మాట నాకంటే ముందే వెళుతుంది.

"ఆలోచించి చెప్తాను సార్."

"ఆలోచించడానికేముంది? మీ ఆయనతో మాట్లాడాను. ఆయన ఒప్పుకున్నారు."

ఆఫీసు ఫారంలో, ప్రాణం మీదికొస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్న గడిలో మా ఆయన నంబరు రాసిచ్చింది నేనే. ప్రాణం మీదికి ఎవరికొచ్చిందో మరి.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మా ఆయన నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. పాపం, అలిసిపోయి.

"ఇంకా పెట్టలేదంటగా సంతకం? ఎంతసేపు పడుతుంది, రెండు సెకన్లు."

"తప్పు నాది కాదండీ."

"నీదని ఎవరన్నారు? కాగితమే కదా. ఆయనకు ప్రమోషన్ టైము, ఇల్లు గడవాల్సిన మగాడు."

"మరి నా ఉద్యోగంతో ఏం గడుస్తోంది?"

"నేను లేనా? అయినా ఉద్యోగం పోవట్లేదుగా. స్టోర్సయితే ఐదింటికల్లా వచ్చేస్తావు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. అన్నీ కలిసొచ్చాయనుకో."

"అవునమ్మా, గుంతల్లో దిగే పనేంటి ఆడపిల్లకి" అంది అత్తగారు లోపల్నుంచి. కూర్చుని చేసే ఉద్యోగం కాస్తా ఒక్కసారిగా గుంతల్లో దిగే పనైపోయింది.

నేను బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టుకున్నాను. ఒప్పేసుకున్నాననుకున్నారు ఆయన. వెంటనే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు. "సార్, ఇంట్లోనే ఉంది. కొంచెం మొండి, అంతే. నేను చెప్పాగా, నా మాట దాటదు." అవతల నవ్వు. "మా ఇంట్లోనూ ఇదే గొడవ సార్" అన్నాడు స్కేలాయన. ఇద్దరూ హాయిగా నవ్వుకున్నారు. ఎప్పుడూ ఎదురుపడని ఇద్దరు మగాళ్ళు నా నెత్తి మీదుగా తిన్నగా గీత గీసుకుని కలుసుకున్నారు.

వాళ్ళ నవ్వు అయ్యేలోపు నా పనైపోయింది. కొట్టేసిన అంకెతో సహా నా షీటూ, ఆనాటి నా మెయిలూ జతచేశాను. "కారణం ఇది. సన్నదారి పోగు అక్కడే ఖాళీగా ఉంది. రేపు పొద్దున్న లాంగ్ రేంజ్ మాడ్యూళ్ళు మార్చనివ్వండి, అరగంట చాలు" అని రాసి ఆసుపత్రివాళ్ళకు పంపేశాను. మేనేజరుకు కాపీ పెట్టాను.

"మాట్లాడు" అని మా ఆయన ఫోన్ నా ముందుకు తోశారు.

"సార్, మీ మెయిలు చూసుకోండి. ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను."

అవతల కీబోర్డు టకటకమంది. చూసినట్టున్నాడు. "ఇదేంటమ్మా ఇది! మీ ఆయన ఒప్పుకున్నారు కదా!"

మా ఆయన మొహం వైపు చూస్తూనే చెప్పాను.

"ఒప్పుకున్నది ఆయన కదా సార్, సంతకం కూడా ఆయన్నే పెట్టమనండి."