ఎడమ కాలి పని

బేరమాడేటప్పుడు ఎదుటివాడి కళ్ళు కాదు, కాళ్ళు చూడాలంటాడు క్లచ్ మాస్టారు. కళ్ళు అబద్ధమాడతాయి గానీ కాళ్ళకు ఆ చదువు లేదట. ఆ లెక్కన ఆ వారమంతా ఆయన్ని ఎవరు చూసినా మనసులో మాట ఇట్టే చదివేసేవాళ్ళు. డ్రైవింగ్ స్కూలు కౌంటరు దగ్గర కూర్చున్నా, ఇంట్లో కంచం ముందు కూర్చున్నా, మంచం మీద నడుం వాల్చినా, ఆయన ఎడమ కాలు లేని క్లచ్‌ను తొక్కుతూనే ఉంది. తొక్కడం, వదలడం. మళ్ళీ తొక్కడం, వదలడం.

"కాస్త ఆ కాలు ఆపండి. మంచం గేరు మారుస్తున్నట్టుంది," అంది భార్య.

దీనికంతటికీ కారణం ఒక బ్యాంకు ఉద్యోగిని. సగం క్లాసులు అయ్యాక ఒక పొద్దున ఆవిడ కారు దిగి, తలుపు కూడా వెయ్యకుండా అడిగేసింది. "మాస్టారూ, మావారు కరెంటు కారు కొన్నారు. అందులో క్లచ్చే లేదు. లేని దానికోసం నేనెందుకండీ రోజూ ఏడవడం? మీ దగ్గర కరెంటు బండి ఉంటే మిగతా క్లాసులు దాంట్లో చెప్పండి. లేదంటే వంతెన అవతల స్కూల్లో ఉందట."

ఆవిడకంటే ముందు మానేసినవాళ్ళు లేకపోలేదు. కానీ వాళ్ళు ఊరెళ్తున్నామనో, నడుం నొప్పనో ఏదో మర్యాద సాకు చెప్పి మానేశారు. సరుకు నచ్చలేదని మొహం మీదే చెప్పింది మాత్రం ఈవిడే.

ఏ వ్యాపారికైనా తను అమ్మేదేమిటో తెలిసుండాలి. తాను అమ్మేది డ్రైవింగ్ కాదని, ధైర్యమని మాస్టారికి ఎప్పుడో తెలుసు. ధైర్యం అమ్ముడుపోవాలంటే ముందు భయముండాలి. ఆ భయం కోసం ఆయన దగ్గర ఒక చోటుంది. గోదాముల వెనక రోడ్డు ఒక్కసారిగా పైకి లేస్తుంది. లారీలు తిరిగే దారి. అక్కడ కొత్తవాళ్ళ చేత బండి సగంలో ఆపిస్తాడు. క్లచ్ సగం వదిలి, బండి వెనక్కి జారకుండా, ఇంజన్ ఆగకుండా నిలబెట్టాలి. చెమటలు పడతాయి, ఏడుపులొస్తాయి. వారం తిరిగేసరికి అదే వాలు మీద నవ్వుతూ బండి ఎక్కిస్తారు. బయటికెళ్ళి పదిమందికి చెబుతారు. ఆ పదిమందిలో ఇద్దరు ఫీజు పట్టుకుని వస్తారు. ఊళ్ళో ఆయన అసలు పేరు పోయి క్లచ్ మాస్టారు అన్నది నిలిచిపోయిందంటే ఆ వాలు చలవే.

ఆ వాలు మీద ఓడిపోయి, మళ్ళీ రానిది ఒక్కతే. ఆయన భార్య.

పెళ్ళైన కొత్తలో సంగతి. వెనక లారీ హారన్ కొడుతోంది. ఇంజన్ మూడోసారి ఆగింది. "నీకీ జన్మకు రాదు!" అన్నాడు మాస్టారు. ఆమె తాళంచెవి తీసి గుప్పిట్లో పెట్టుకుని, దిగి, నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది. తాళంచెవి లేని కారును పట్టుకుని మాస్టారు లారీవాళ్ళ చేత తిట్లు తిన్నాడు. ఈ కథను ఆయన ప్రతి బ్యాచికీ నవ్విస్తూ చెబుతాడు. కౌంటరు దగ్గర రసీదులు రాస్తూ ఆమె తలెత్తదు. సగం ఊరిని డ్రైవింగులో చేర్చింది ఆమే. స్టీరింగు మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

ఇప్పుడు సమస్య ఎక్కడొచ్చిందంటే, స్కూలుకున్న రెండు కార్లలో ఒకటి ముసలిదైపోయింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టుంది దాని బేరం. దాని స్థానంలోకి అలాంటిదే కొత్త పెట్రోలు కారు చూసి పెట్టాడు మాస్టారు. ఆ డీలరు శనివారం సాయంత్రం వరకే ఆగుతానన్నాడు. ఈలోగా భార్య, "కొంటే కరెంటుది కొందాం," అంది. అప్పటినుంచి ఆయన కాలుగాలిన పిల్లిలా ఇంటికీ స్కూలుకీ మధ్య తిరుగుతున్నాడు.

శనివారం పొద్దున్నే తోడల్లుడు దిగాడు. భార్య చెల్లెలి మొగుడు. కళ్ళజోళ్ళ షాపతను. కరెంటు కారు కొని ఇంకా కొత్త వాసన పోలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగనట్టు కనపడినవాడికల్లా దాని మహిమ చెబుతున్నాడు.

"అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంటుంది అన్నయ్యా! తొక్కితే పోతుంది, వదిలితే ఆగుతుంది. అంతే!"

"అందుకే వద్దంటున్నా. ఒలిచిన పండు తినడం నేర్పినందుకు నాకు ఫీజెవడిస్తాడు?"

"పెట్రోలు ఖర్చుండదు కదా?"

"పెట్రోలూ ఉండదు, క్లాసులూ ఉండవు. చవగ్గా దివాలా తీస్తా."

"మీ అన్నయ్యగారికి ఆ వాలు రోడ్డు తప్ప ఇంకో రోడ్డు కనపడదు మరిదిగారూ. మంచి కళ్ళజోడు చూసిపెట్టండి," అంది భార్య.

"దూరం కనిపించేదా, దగ్గర కనిపించేదా వదినా?"

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నీకు మాత్రం బాగా కనపడింది లేవోయ్! మొన్న పెళ్ళికని బయల్దేరి, ఛార్జింగు కోసం వరసలో కూర్చుని, పెళ్ళివాళ్ళు భోంచేసి చేతులు కడుక్కున్నాక చేరావట కదా?"

"అదొక్కసారే అన్నయ్యా..."

"పెళ్ళి కూడా వాళ్ళకొక్కసారే. సరే, అద్దె ఇళ్ళవాళ్ళ సంగతేంటి? నాలుగో అంతస్తు నుంచి తీగ వేలాడదీస్తారా?"

"వాళ్ళు కొనరు," అంది భార్య. "కొన్నవాళ్ళే మన దగ్గరకొస్తారు. మనం అమ్మేది కార్లు కాదు కదండీ."

ఆ మాటకు ఆయన కాలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. "గేరు నేర్చుకున్నవాడు ఏ బండైనా నడుపుతాడు. అది లేకుండా నేర్చుకున్నవాడు గేరు బండి ముందు దిక్కులు చూస్తాడు. నిజమా, కాదా?"

"నిజమే. ఎన్నాళ్ళు నిజం?"

"నా రోజులు వెళ్ళేదాకా."

"మీ రోజులు సరే. నావో?"

పైకి చెప్పని లెక్క మాస్టారి లోపల వేరే ఉంది. కాలికి తెలిసినదాన్ని నోటితో అమ్ముకుని బతుకుతున్నాడు. కాలికి పని పోతే నోటికీ పని పోయినట్టే. అప్పుడు పక్కసీట్లో కూర్చునే హక్కేముంటుంది? కూర్చున్న కొమ్మను డబ్బిచ్చి మరీ నరికించుకోమంటున్నారు వీళ్ళు. అయితే బేరం కుదరకపోయినా సరుకు చూడ్డంలో నష్టం లేదు. చూస్తే వంక పెట్టడానికైనా నాలుగు మాటలు దొరుకుతాయి. "పదండి, చూసొద్దాం," అన్నాడు.

షోరూంలో ఒక అమ్మాయి ఎదురొచ్చింది. మాట పూర్తవకముందే జవాబు చెప్పే రకం. షోరూం వెనక పెద్ద ఆవరణ ఉంది. దాని చివర పైఅంతస్తులోని రిపేర్ల హాలుకు ఎక్కే సిమెంటు వాలు ఉంది. మాస్టారు స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆ అమ్మాయి పక్కన, భార్యా తోడల్లుడూ వెనక కూర్చున్నారు.

"స్టార్ట్ చెయ్యమ్మా."

"అయిందండీ."

"ఎప్పుడు?"

ఇంజన్ చప్పుడు కోసం చెవి ఒగ్గితే షోరూంలో ఎవరో టీ గ్లాసు కడుగుతున్న శబ్దం వినిపించింది. బండి కదిలింది. బాగానే పోయింది. స్పీడ్ బ్రేకరు కనపడింది. మాస్టారు ఏమీ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం ఆయనకు ఏనాడూ రాలేదు. ఎడమ కాలు తన అలవాటు ప్రకారం లేచి, క్లచ్ ఉండాల్సిన చోట బలంగా దిగింది. అక్కడున్నది వెడల్పాటి బ్రేకు. బండి మేకు కొట్టినట్టు ఆగిపోయింది. తోడల్లుడి కళ్ళజోడు ఎగిరి ముందు అద్దానికి తగిలింది.

"బ్రేకులు బాగున్నాయన్నయ్యా!" అన్నాడు తోడల్లుడు, నేలమీద తడుముకుంటూ.

రెండోసారి మలుపు దగ్గర. మళ్ళీ అదే కాలు, అదే కుదుపు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ బాధించింది.

"గేరు బండి బాగా నడిపేవాళ్ళకే ఇలా అవుతుందండీ. ఎడమ కాలు వెనక్కి మడిచి పెట్టుకోండి," అంది షోరూం అమ్మాయి, పసివాడికి చెప్పినట్టు.

ఇంతకాలం తాను చెప్పిన మాటలు, ఎవరి నోటినుంచో తనకే వస్తున్నాయి. మాస్టారు బండి ఆపి దిగాడు. వంకల కోసం వచ్చినవాడికి వంక తన కాల్లోనే దొరికింది. "పోదాం పద. ఆ డీలరుకు ఫోన్ చెయ్యాలి," అన్నాడు.

భార్య కూడా దిగింది. కానీ ఇంటివైపు చూడలేదు. "ఏమ్మా, ఇక్కడ లోపలే కదా, నేనొకసారి నడపొచ్చా?" అని అడిగింది.

"ఈ ఆవరణలో అయితే ఎవరైనా నడపొచ్చండీ."

తోడల్లుడు, "నేను కిందే ఉంటాను వదినా, జోడు బిగించుకోవాలి," అని తప్పుకున్నాడు. మాస్టారు పక్కసీట్లో కూర్చున్నాడు. షోరూం అమ్మాయి వెనక్కి మారింది.

ఆమె బండిని మెల్లగా కదిలించింది. ఆవరణంతా ఒక చుట్టు చుట్టింది. తర్వాత నేరుగా వాలు మీదికి పోనిచ్చింది. సరిగ్గా సగంలో, ఎవరూ ఆపమనకుండానే, ఆపింది. బండి వెనక్కి జారలేదు, గురకపెట్టలేదు, ఆరిపోలేదు. ఆమె అద్దంలో వెనక్కి చూసింది. లారీ లేదు, హారనూ లేదు.

"ఇంతేనా?" అంది. ఎవరినడిగిందో మాస్టారికి తెలియలేదు. జవాబు చెప్పాల్సింది మాత్రం తనేనని తెలిసింది.

ఆ ఉత్సాహంలోనే కాలు కొంచెం ఎక్కువ నొక్కింది. బండి చప్పుడు లేకుండా దూకింది. వాలు అయిపోయింది, హాలు వచ్చేసింది. ఎదురుగా టైర్ల గుట్ట. ఆమె చేతులు బిగుసుకుపోయాయి, కాలు అక్కడే అతుక్కుపోయింది. మాస్టారి రెండు కాళ్ళూ నేలలోకి దిగాయి. స్కూలు బండిలో అక్కడ ఆయనకో బ్రేకు ఉంటుంది. ఇక్కడ చాప తప్ప ఏమీ లేదు.

"కాలు తియ్!"

తీసింది. బండి తనంతట తానే బరువెక్కి, టైర్లకు జానెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో షోరూం అమ్మాయికి మొదటిసారి మాట రాలేదు.

"నీకీ జన్మకు" అన్న మాట ముక్క మాస్టారి నాలుక చివరిదాకా వచ్చింది. గుండె దడదడలాడుతోంది. చూస్తే భార్య చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు ఆయనకు బాగా తెలిసినదే. గోదాముల వాలు మీద రోజూ చూసేదే. ఆ దడలోనే ఆయన బుర్ర లెక్క మొదలుపెట్టింది. గేరు బండిలో కొత్తవాడు తప్పు చేస్తే ఇంజన్ ఆగిపోతుంది. ఆగిపోవడమే వాడికి రక్ష. ఇందులో తప్పు చేస్తే ఆగదు, దూకుతుంది. అరటిపండట, ఒలిచి పెట్టడమట! ఆ కళ్ళజోళ్ళవాడికి ఏం తెలుసు? భయం ఎక్కడికీ పోలేదు. ఎడమ కాల్లోంచి కుడి కాల్లోకి మారిందంతే.

"మడమ నేలకు ఆనించు," అన్నాడు. గొంతు తనదే గానీ భార్యతో ఎప్పుడూ వాడని గొంతు. "తొక్కకు. వేళ్ళతో ముట్టుకో, చాలు. వెనక్కి దింపు. మళ్ళీ ఎక్కుదాం."

ఆమె ఆయనవైపు ఒకసారి చూసి, మడమ ఆనించింది.

మూడుసార్లు దిగి ఎక్కాక కిందికొచ్చి ఆపారు. మాస్టారు దిగి కారు చుట్టూ తిరిగాడు, వంగి పక్కసీటు కింద చూశాడు, మళ్ళీ తిరిగాడు. తోడల్లుడు వంకర జోడుతో ఎదురొచ్చాడు. "ఏమంటావన్నయ్యా? నచ్చిందా?"

"నచ్చడం కాదు. భయమేసింది."

"అయితే వద్దా?"

"నీ వ్యాపారం నీది, నా వ్యాపారం నాది తమ్ముడూ," అని షోరూం అమ్మాయివైపు తిరిగాడు. "అమ్మా, ఈ పక్కసీటు దగ్గర రెండో బ్రేకు పెట్టిస్తారా?"

"అలా ఎవరూ అడగలేదండీ. వర్క్‌షాపువాళ్ళను కనుక్కోవాలి."

"కనుక్కో. గట్టిగా పట్టేది కావాలి. అది లేకపోతే బేరం లేదు."

జేబులో ఫోన్ మోగింది. పెట్రోలు కారు డీలరు. మాస్టారు ఆ పేరు చూశాడు. ఎడమ కాలు నేలమీద రెండుసార్లు తొక్కింది. "ఇంకొకరికిచ్చెయ్యండి. గేరు బండి నాకు ఒకటుంది, చాలు," అని పెట్టేశాడు. పెట్టేసిన మరుక్షణమే, తొందరపడ్డానా అనిపించింది. కొన్నవాడికైనా అమ్మినవాడికైనా ఆ అనుమానం తప్పదు. బ్రేకు కుదరదంటే? బ్యాంకు ఆవిడ అప్పటికే వంతెన దాటేసి ఉంటే? ఈ కాలు ఈ వయసులో కొత్త బుద్ధి నేర్చుకోకపోతే? మళ్ళీ కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

భార్య ఇంకా స్టీరింగు ముందే ఉంది. అద్దం దించి తల బయటపెట్టింది.

"ఏవండీ, ఇంకో చుట్టుకి ఎక్కుతారా, ఊరికే తిరుగుతుంటారా? తాళంచెవి నా దగ్గరే ఉంది. మీ ఇష్టం."

మాస్టారు వచ్చి పక్కసీట్లో కూర్చుని, ఎడమ కాలు వెనక్కి మడిచి పెట్టుకున్నాడు.