సిరిల్ ఎడమ చెయ్యి

పాట మధ్యలో నూకరాజు ఎడమ చెయ్యి పైకెత్తాడంటే వేదిక మీద ఒక్క మనిషికే గుండె జారిపోతుంది. ఆ మనిషి ప్రశాంతి.

నూకరాజు ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకీ పూజలకీ ఆర్కెస్ట్రా నడుపుతాడు. తనే పాడతాడు, తనే అందరినీ అదిలిస్తాడు. ప్రశాంతి అతని దగ్గర బేస్ గిటారు వాయిస్తుంది. నాలుగు లావాటి తీగల వాయిద్యం అది. ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, లేకపోతే మాత్రం పాట కింద నేల లేనట్టుంటుంది. నూకరాజు ఎత్తే ఆ చెయ్యి కీబోర్డు సిరిల్‌కి సైగ. "బేస్ కూడా నీ ఎడం చేత్తో కొట్టెయ్, ఆ పిల్లది ఆగుతుంది" అని దానర్థం.

తాల్‌బగీచాలో ఒక పెళ్ళిలో అదే జరిగింది. నూకరాజు చెయ్యెత్తాడు, సిరిల్ ఎడమ చెయ్యి కీబోర్డు మీదికి దిగింది. ప్రశాంతి తన గిటారు వాల్యూం సున్నాకి తిప్పేసి, పాట అయ్యేదాకా వేళ్ళు ఉత్తినే ఆడిస్తూ నవ్వుతూ నిలబడింది. జనంలో ఒక్కడంటే ఒక్కడు కనిపెట్టలేదు. ఆ సంగతే ఆమెకి ఒళ్ళు మండించింది.

"నీ మీద నాకు పగేటే?" అన్నాడు నూకరాజు సామాను బండిలో పెట్టిస్తూ. "నీ సేతిలో పాట ఉన్నాది. కానీ స్పీకరు బాక్సులోంచి వచ్చీసరికి ఉత్త బురద. అమ్మోరి పాటకీ బురదే, సినిమా పాటకీ బురదే. బెంగాలీ బ్యాండు పాటైతే ఇంక సెప్పక్కర్లేదు. రేపు మనోళ్ళ మాత పూజ ప్రోగ్రాంలో కూడా ఇలాగే అయితే ఇంక సిరిల్ సెయ్యే సాలు. ఏటనుకోకు."

"బాబాయ్, ఒక పెడల్ తెచ్చుకుంటాను. మూడు రకాల పాటలకీ సరిపోయేది."

"ఏటైనా తెచ్చుకో. నాకు పాట ఇనబడాల."

ప్రీయాంప్ పెడల్ అంటే మరేం బ్రహ్మపదార్థం కాదు. గిటారుకీ మిక్సరుకీ మధ్య కాళ్ళ దగ్గర పెట్టుకునే చిన్న ఇనప పెట్టె. లావు శబ్దాన్నీ నడిమి శబ్దాన్నీ సన్న శబ్దాన్నీ పెంచుకోడానికీ తగ్గించుకోడానికీ గుండ్రటి మరలుంటాయి, కాలితో నొక్కడానికి స్విచ్చి ఉంటుంది. అమ్మవారి పాటకి బేస్ మెత్తగా పారాలి. మాస్ పాటకి డ్రమ్ముతో కలిసి గుద్దాలి. బెంగాలీ బ్యాండు పాటకి కాస్త గరగరలాడాలి. ఒకే పెట్టె ఇన్ని వేషాలు వెయ్యాలంటే ఏ పెట్టె కావాలి? ఈ ప్రశ్న పట్టుకున్నాక ప్రశాంతికి తిండి కూడా సయించలేదు. చిన్నప్పుడు మోగుతున్న రేడియో విప్పి, లోపల ఎవరున్నారో చూస్తానన్న పిల్ల మరి!

ఆమె పొద్దున్న పూట ప్రేమ్ బజార్లో జిరాక్సు షాపులో పని చేస్తుంది. పక్క కొట్టు గిరిబాబుది. కాలేజీ పిల్లలు చదువైపోయి వెళ్ళిపోతూ వదిలించుకునే గిటార్లూ పెడళ్ళూ అన్నీ ఆయన దగ్గరికే చేరతాయి. అమ్మడం కన్నా మాట్లాడ్డం ఎక్కువ ఇష్టం ఆయనకి.

"ఒక్కొక్కటీ ఇంటికి పట్టుకెళ్ళి చూడమ్మా. నచ్చకపోతే తెచ్చెయ్" అన్నాడు.

ముందు ఎర్ర పెడల్ పట్టుకెళ్ళింది. వాళ్ళది గూడ్స్ యార్డు గోడకి ఆనుకున్న రైల్వే క్వార్టరు. నాన్న వెంకటరావు వర్క్‌షాపుకి పోయాక ఇంట్లో మిగిలేది నాయనమ్మ జోగమ్మ. ప్రశాంతి చిన్న బాక్సుకి వైరు తగిలించి వాయిస్తుంటే జోగమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తీర్పులిచ్చేది.

"పల్సగా ఉన్నాదే గుంటా. ఇంకాస్త లావు సెయ్యి."

ప్రశాంతి లావు మర తిప్పింది.

"ఇంకాస్త. ఆఁ, ఇప్పుడు బాగున్నాది. కడుపుకి తగిల్తన్నాది."

ప్రశాంతి చెవికీ అలాగే ఉంది. ఆ ఊపులో సుభాష్‌పల్లి క్లబ్బు గదిలో రిహార్సలుకి పట్టుకెళ్తే మొదటి చరణం దాటకుండానే నూకరాజు ఎడమ చెయ్యి లేచింది. ఎర్రది వెనక్కి ఇచ్చేసి వెండి రంగుది తెచ్చింది. ఇంట్లో బంగారం, క్లబ్బులో బురద. నల్లది తెచ్చింది. దానికి రెండు స్విచ్చులు, బోలెడు మరలు. అదీ అంతే!

అప్పటికి మామూలు మనిషైతే పెడళ్ళని తిట్టి ఊరుకునేది. ప్రశాంతి ఊరుకోలేదు. వైరు మార్చి చూసింది. బాక్సు మార్చి చూసింది. క్లబ్బు గదిలో తలుపులు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి వాయించింది. సిరిల్ ఓపిగ్గా పక్కన కూర్చున్నాడు, పాపం. "నీ చోటు నాకొద్దు దీదీ. నా పని ఒక చేతిది. రెండో చేత్తో నీ పని కూడా చెయ్యమంటే నాకూ నొప్పే" అన్నాడు. మంచివాడే. కానీ మంచివాడి చెయ్యి అయినా చోటు లాక్కుంటే కడుపు మండదా?

"ఇంట్లో అంత బాగున్నది బయటికెళ్ళగానే ఎందుకు పాడవుతోంది అన్నయ్యా?" అని గిరిబాబుని అడిగింది.

"ఇల్లు వేరు, హాలు వేరు కదమ్మా."

"వేరే గానీ, ఏటి వేరు?"

ఆయన టీ తెప్పించాడు.

ఆదివారం నాడు పట్టాల పైనుండే కరెంటు తీగల పనికని పొద్దుట్నుంచీ రైలు లైను మూసేశారు. బళ్ళన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. జోగమ్మ లేచిన దగ్గర్నుంచీ చెవులు రుద్దుకుంటూనే ఉంది.

"ఏటో గానీ ఈయాల సెవుల్లో గుయ్యిమంటన్నాదే. డాక్టరు దగ్గరికెల్లాల కాబోలు."

ప్రశాంతి అంతగా పట్టించుకోకుండా నల్ల పెట్టె తగిలించి ఒక్క తీగ మీటింది. అంతే! గది గదంతా బొయ్యిమంది. అలమారలో స్టీలు గ్లాసులు దడదడలాడాయి. జోగమ్మ ఒళ్ళో చిక్కుడుకాయలు నేల పాలయ్యాయి.

"ఓలమ్మో! ఏటే ఆ మోత, సంపేస్తావేటే?"

"మామ్మా, నిన్నటి లాగే ఉంది. ఏ మరా ముట్టుకోలేదు. బాగున్నాది అన్నావు కదా?"

"నిన్న ఇలాగ లేదు."

నిన్న ఇలాగ లేదు. నిజమే. మరి నిన్న ఏముంది, ఇవాళ ఏం లేదు? ప్రశాంతి కిటికీ దగ్గరికి వెళ్ళింది. యార్డులో వ్యాగన్లు కదలకుండా ఎండలో నిలబడి ఉన్నాయి. గోడ వణకడం లేదు. నేల వణకడం లేదు. ఇంటికి చుట్టాలొస్తే గూడ్సు బండి పోతున్నప్పుడల్లా మాటలాపి కూర్చోవడం, "మీరెలా పడుకుంటారర్రా?" అనడం, ఇంట్లోవాళ్ళు "ఏ చప్పుడు?" అని వెర్రిమొహాలు వెయ్యడం గుర్తొచ్చింది. పుట్టినప్పట్నుంచీ ఆ గుడగుడ వింటూ వింటూ వాళ్ళు దాన్ని వినడం మానేశారు. కానీ అది అక్కడే ఉండి, గిటారు లావు శబ్దాన్ని పట్టుకుని మింగేస్తోంది. మింగినంతా మళ్ళీ పోస్తూ లావు మర పెంచుకుంటూ పోయింది తను. యార్డు లేని చోటికి వెళ్ళగానే ఆ పోసినదంతా బురదై తేలింది!

"మామ్మా, నీ సెవులకేటీ కాలేదే! బళ్ళు ఆగిపోయినాయి, అంతే" అని ముసలమ్మ బుగ్గలు పుణికి సైకిలెక్కింది.

గిరిబాబు కొట్టు సగం షట్టరు తెరిచి పేపరు చదువుకుంటున్నాడు.

"ఎర్రదీ వెండిదీ కాసేపు ఇయ్యన్నయ్యా. లైను తెరవకముందే చూసెయ్యాల."

"నచ్చలేదని నువ్వే కదమ్మా తెచ్చిచ్చావు? పెడల్‌కీ లైనుకీ సంబంధమేంటి?"

"మళ్ళీ సెప్తాను."

ఇంటికొచ్చి, ఆ నిశ్శబ్దంలో మూడింటినీ పక్కపక్కన పెట్టి వాయించింది. ఎర్రదానికి గరగర పుట్టుకతోనే ఉంది, ఎంత తగ్గించినా పోదు. దాంతో అమ్మవారి పాట వాయిస్తే అమ్మవారిని గదమాయిస్తున్నట్టుంది. వెండిది తేనె, కానీ దెబ్బలాటకి రాదు. మాస్ పాటలో డ్రమ్ము కింద నలిగిపోతుంది. నల్లది అలా కాదు. లావు బాగా తగ్గించి నడిమి శబ్దం పెంచేసరికి వేలికి వేలు విడివిడిగా పలికింది. గరగరని వేరే మరతో చిటికెడు కలుపుకోవచ్చు, కింద అసలు శబ్దం అలాగే నిలబడి ఉంటుంది. ఒక స్విచ్చి మెత్తదనానికి, రెండోది గరుకుకి. ఇదే, ఇదే కావలసింది! ప్రశాంతి గోళ్ళరంగు తెచ్చి ప్రతి మరా ఆగిన చోట గుర్తుగా ఒక చుక్క పెట్టింది.

మధ్యాహ్నం లైను తెరిచారు. మొదటి గూడ్సు కదిలిందో లేదో ఆ చక్కటి శబ్దం సగం మాయమైంది.

"ఇదేటే, దోమ పాడినట్టున్నాది" అంది జోగమ్మ. చెవుల గుయ్యి తగ్గి ఆవిడ హాయిగా ఉంది. "లావు సెయ్యి."

క్లబ్బు గది నిండా పూజ సామాను దించేశారు, ఇంక రిహార్సల్ లేదు. సరాసరి వేదికే. ఆ వారమంతా ప్రశాంతి వాయిస్తూనే ఉంది, వాయించినప్పుడల్లా పీలగానే వినబడింది. బళ్ళు ఆగినప్పుడు విన్నది నిజమా, ఇప్పుడు వింటున్నది నిజమా? ఒక్క పొద్దుటి మాట నమ్మి పుట్టి పెరిగిన చెవుల మాట కొట్టెయ్యాలంటే భయం కాదూ? పూజ రోజు బయల్దేరే ముందు వేళ్ళు లావు మర మీదికి వెళ్ళనే వెళ్ళాయి.

"తిప్పవే, లేపోతే పరువు పోతాది" అంది జోగమ్మ, ప్రేమగానే.

ప్రశాంతి గోళ్ళరంగు చుక్కని చూసింది. వైరు పీకేసి, మర ముట్టుకోకుండా పెట్టెని సంచిలో వేసేసుకుంది.

పొద్దు వాలాక మాత పూజ పందిరి ముందు మైదానం కిటకిటలాడింది. ముందు వరసలో జోగమ్మ, పక్కన డ్యూటీ దిగి వచ్చిన వెంకటరావు. అమ్మవారి పాట ఎత్తుకున్నారు. బేస్ మెత్తగా, విడివిడిగా, పాట కిందకి చేరింది. నూకరాజు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ మైకుకేసి తిరిగాడు. రెండోది మాస్ పాట. పల్లవి అయ్యేసరికి అలవాటైన చోట నూకరాజు ఎడమ చెయ్యి లేవబోయింది. సిరిల్ ఎడమ చెయ్యి కీబోర్డు మీద గాల్లో ఆగి ఎదురుచూస్తోంది. నూకరాజు తల కాస్త పక్కకి వంచి విన్నాడు. లేచిన చేత్తో చెమట తుడుచుకుని పాటలో పడిపోయాడు.

బెంగాలీ బ్యాండు పాటకి ప్రశాంతి రెండో స్విచ్చి తొక్కింది. చిటికెడు గరగర మైదానం చివరిదాకా పరిగెత్తింది. వెనకాల నిలబడ్డ కుర్రాళ్ళు "దాదా, కే బాజాచ్ఛే?" అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతూ, వాయించేదెవరో చూడ్డానికి మెడలు చాచారు. ముందు వరసలో జోగమ్మ నోరు తెరుచుకుని, చిక్కుడుకాయలు ఈనెలు తీసే వేళ్ళతో ఒళ్ళో తాళం వేస్తోంది.

ప్రశాంతికి ఏడుపొచ్చింది, సంతోషంతోనే. కళ్ళు తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. పక్కకి చూసింది. సిరిల్ ఆమెకేసి కన్నుగీటి, ఎడమ చెయ్యి తీసి ప్యాంటు జేబులో పెట్టేసుకున్నాడు. కార్యక్రమం అయ్యేదాకా మళ్ళీ బయటికి తియ్యలేదు.